కాగితం మీద పోయిన చెన్నకేశవులు గారు

ఆ ఆదివారం పొద్దున్న ఏడింటికి రవి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పూర్ణిమ వాళ్ళ నాన్నగారు వస్తారు. పదిన్నరకి ఆట మొదలవుతుంది. పన్నెండు లోపల ఆయన ఒక బక్కపలచని రాక్షసుణ్ణి చంపి సంతోషిస్తారు. ఒంటిగంటకి కోడికూర. రెండింటికి చెయ్యి కడుక్కుంటూ, సరే బాబూ, నిశ్చితార్థానికి ముహూర్తం చూడమందాం అంటారు. ఇందులో తప్పు జరగడానికి ఎక్కడ చోటుందో మీరే చెప్పండి. రవికి కూడా ఎక్కడా కనిపించలేదు.

రవి రాయ్‌పూర్‌లో, భన్‌పురి దగ్గర ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తా. ఉండేది డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, వాళ్ళ నాన్న నూకరాజుకి రైల్వేవాళ్ళిచ్చిన క్వార్టర్లో. ఆ క్వార్టర్ ముందుగదిలో రెండేళ్ళుగా ప్రతి ఆదివారం ఒక ఆట నడుస్తోంది. తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పాలంటే, ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడో మంత్రగత్తెనో అవుతారు. ఎవరేం చేస్తామన్నా అది జరిగేదీ జరగనిదీ పాచికలు తేలుస్తాయి. తలా ఒక కాగితం ఉంటుంది, అందులో తమ వీరుడి పేరు, వంశం, బలం, ప్రాణం ఎంతుందో రాసుకుంటారు. కథ చెప్పేవాడు రవి, వివరాలన్నీ ముందే ఒక పుస్తకంలో రాసుకుంటాడు. వాళ్ళ చెల్లెలు మాలతి విలుకత్తె. పక్క క్వార్టర్ ఉమేష్ దొంగ, ఆటలోనే లెండి. అతనిది ఛత్తీస్‌గఢీ కుటుంబమైనా చిన్నప్పట్నుంచీ ఈ ఇంట్లో తిని పెరిగినవాడు కాబట్టి తెలుగు బాగా వచ్చు. మాలతితో పాటు స్కూల్లో పాఠాలు చెప్పే పూర్ణిమ ఆ కథలో వైద్యురాలు. రెండేళ్ళలో ఆమె మందులు రాసిన గాయాల్లో సగం రవి కావాలని తగిలించినవే అని మాలతి అనుమానం.

పూర్ణిమ వాళ్ళింట్లో రవి సంగతి చెప్పింది. వాళ్ళ నాన్న చెన్నకేశవులు గారు ఒక పోత ఇనుము ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎర్ర పెన్ను జేబులో పెట్టుకుని తిరిగే మనిషి, అబద్ధం ఆడడు, ఆడనివ్వడు. కుర్రాణ్ణి చూడ్డానికి శంకర్ నగర్ నుంచి వచ్చి కాఫీ తాగి పోతే ఏం తెలుస్తుందన్నాడాయన. ఆ ఆటలోనే నేనూ కూర్చుంటాను, మనిషి అసలు రంగు అక్కడ బయటపడుతుంది అన్నాడు. ఆ మాట పూర్ణిమ చెప్పిన దగ్గర్నుంచీ రవికి అన్నం సహించలేదు.

పదింటికి అన్నారు, పదికే వచ్చారు. రవి ఖాళీ కాగితం ఒకటి చేతికిచ్చాడు. మిగతావాళ్ళు తమ వీరులకి గంభీరమైన పేర్లు పెట్టుకున్నారు, వంశం అన్నచోట యక్షులని, నాగులని రాసుకున్నారు. చెన్నకేశవులు గారు మాత్రం ఏ ఫారంలోనూ తప్పు సమాచారం ఇచ్చి ఎరగడు. పేరు దగ్గర చెన్నకేశవులు అని రాశాడు. పక్కనే చోటుందని తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా చేర్చాడు. వంశం దగ్గర కాశ్యప గోత్రం అని గుండ్రటి అక్షరాలతో నింపాడు. అంకుల్, ఇక్కడ కల్పన రాయాలి అని రవి అనబోయాడు కానీ, పూర్ణిమ బల్లకింద నుంచి కాలు తొక్కింది.

కథ ఒక లోయ దగ్గర మొదలైంది. లోయ మీద తాళ్ళ వంతెన. అవతల ఆ బక్క రాక్షసుడు చావడానికి సిద్ధంగా ఉన్నాడు. వంతెన అసలు లెక్కలో లేదు, అందం కోసం పెట్టింది. మాలతి దాటింది, పూర్ణిమ దాటింది, ఉమేష్ తన గాడిదని, దారి చూపించే ముసలాణ్ణి తోలుకుని దాటాడు. చెన్నకేశవులు గారు దాటలేదు.

"దీనికి లోడ్ టెస్ట్ ఎవరు చేశారు?" అన్నాడు.

ఎవరూ చెయ్యలేదని, ఊరికే వంతెనని రవి చెప్పాడు. ఊరికే వంతెన అంటూ ఈ లోకంలో ఉండదని ఆయన చెప్పాడు. కవచం, గద, డాలు అన్నీ ఒంటిమీద ఉండగానే వంతెన మధ్యకి వెళ్ళి మూడుసార్లు గెంతుతానన్నాడు. రవి నవ్వుతూ ఇరవై ముఖాల పాచిక చేతికిచ్చి, ఒకటి పడితే తప్ప ఏ భయమూ లేదన్నాడు. ఆయన పాచిక వేశాడు. ఒకటి పడింది.

అంటే వంతెన తెగినట్టే. పాచిక బల్ల అంచుకి తగిలింది, లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యండి అన్నాడు రవి. శాంపిల్ ఒకసారే తీస్తామని, నచ్చలేదని ఇంకోటి తీస్తే దాన్ని తమ ఫ్యాక్టరీలో దొంగతనం అంటారని ఆయన అన్నాడు. లోయ గోడకి ఒక చెట్టుకొమ్మ ఉందని, మీరు దాన్ని పట్టుకున్నారని రవి చెప్పాడు.

"ఆ కొమ్మ నీ పుస్తకంలో ముందే రాసుందా?"

రవి పుస్తకం వంక చూశాడు. పుస్తకం రవి వంక చూసింది. "లేదంకుల్," అన్నాడు.

"అయితే నేను పోయాను," అన్నాడు చెన్నకేశవులు గారు తాపీగా. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి తన కాగితం మీద ఏటవాలుగా 'రిజెక్ట్' అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ, టైము పదకొండూ నలభై అని వేశాడు. కాబోయే మామగారిని మొదటి పూటే లోయలో పడేసిన అల్లుడు రాయ్‌పూర్‌లో ఇంకెవరైనా ఉన్నారా అని రవి ఆలోచిస్తున్నాడు. వాళ్ళమ్మ అప్పలనరసమ్మ మజ్జిగ గ్లాసులతో గదిలోకి వచ్చింది అప్పుడే.

ఆవిడ ఆట గురించి పట్టించుకోదు. కానీ ఎర్ర సిరా కళ్ళబడింది. గ్లాసులు కింద పెట్టి, కళ్ళజోడు సర్దుకుని కాగితం మొత్తం చదివింది. చదివి లోపలికి పోయి పంచాంగం పట్టుకొచ్చింది. ఆ వేళ నక్షత్రం రేవతి. ధనిష్ఠ మొదలుకుని రేవతి దాకా అయిదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇంట్లో మనుషులు ఉండకూడదు, ఇల్లు పాడుపెట్టాలి. వాళ్ళ సొంతూరు చీపురుపల్లి పంతులు లెక్కలో ఆరు నెలలు.

"అమ్మా, ఇది ఆట," అంది మాలతి.

"ఆటని నాకు తెల్దేటే? ఆట కాదని నానన్నానా?" అంది అప్పలనరసమ్మ. "పేరు రాసినారు, గోత్రం రాసినారు, పోయినట్టు ఎర్ర సిరాతో సంతకం ఎట్టినారు. ఈ ఇంట్లో నిచ్చితార్తం ఎలాగ సేత్తాం? రేపేదైనా గడ్‌బడ్ అయితే ఎవుల్ని అడగాల?"

అందరూ చెన్నకేశవులు గారి వైపు చూశారు, ఆయనైనా కొట్టిపారేస్తాడని. ఆయన తల ఊపుతూ, చెల్లెమ్మగారు చెప్పింది ప్రొసీజరే అన్నాడు. ఇక ఆవిడకి అడ్డేముంది. చావు జరిగిన ఇంట్లో శవం లేవకుండా పొయ్యి ముట్టించరని గ్యాసు కట్టేసింది. కోడి తేవడానికి పోయిన నూకరాజు ఇంకా రాలేదు గానీ, వస్తే మాత్రం ఆ కోడిని ఏం చేసుకుంటారు. దేవుడి పటాలు గుడ్డలో మూటగట్టి వరండాలో పెట్టింది. తర్వాత పరుపులు వచ్చాయి, తర్వాత మిక్సీ, దాని వెనక మడత మంచాలు. దారిన పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి, ట్రాన్స్‌ఫర్ వచ్చిందా అమ్మా అని అడిగి పోయారు.

ఉమేష్ మొహం ఇంకో కారణానికి పాలిపోయింది. వాళ్ళలో కూడా పంచక్ అని ఈ అయిదు నక్షత్రాల పట్టింపు ఉంది, కాకపోతే ఇల్లు వదలరు. పంచక్‌లో ఒకరు పోతే వెనకాల అయిదుగురు పోతారని నమ్మకం. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. వంతెన అవతల ఉన్నది విలుకత్తె, వైద్యురాలు, దొంగ, దారి చూపించే ముసలాడు, గాడిద. సరిగ్గా అయిదు. రెండేళ్ళు కష్టపడి పెంచుకున్న దొంగ. దీనికి విరుగుడుగా అయిదు గడ్డిబొమ్మలు చేసి తగలెయ్యాలని, గడ్డి దొరక్క అప్పలనరసమ్మ కొత్త చీపురులోంచి పుల్లలు పీకడం మొదలుపెట్టాడు. మూడో బొమ్మ మీద ఉండగా ఆవిడ చూసింది. ఆ తర్వాత కాసేపు ఎవరి చావు గురించీ మాట్లాడలేదు, చీపురు గురించే మాట్లాడారు.

పూర్ణిమ రవిని వంటింటి గుమ్మం దగ్గరికి లాగి, ఆరు నెలలంటే వాళ్ళ నాన్న ఈలోగా ఇంకో పది మందిని ఇన్‌స్పెక్షన్ చేస్తాడని, ఏదో ఒకటి చెయ్యమని చెప్పింది. నువ్వు వైద్యురాలివి కదా, బతికించు అన్నాడు రవి. చచ్చినవాణ్ణి లేపే మంత్రం తనకి ఇంకా రాలేదని, దానికి ఇంకా నాలుగైదు వారాల ఆట ఉందని ఆమె గుర్తుచేసింది. రవి వెనక్కి వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. లోయ అడుగున ఒక ముని నడుచుకుంటూ వస్తున్నాడని, ఆయన చేతిలో సంజీవని వేరు ఉందని కథ ఎత్తుకున్నాడు.

చెన్నకేశవులు గారు పుస్తకం వైపు చూశాడు. నోటితో అడగలేదు కూడా. రవి తల దించుకున్నాడు.

"చూడు బాబూ," అన్నాడాయన, కోపంగా కాదు, నెమ్మదిగానే. "ఇవాళ నేను నీకు కావలసినవాణ్ణని నా కోసం రూలు మారుస్తున్నావు. రేపు నా కూతురు నీ ఇంట్లో ఉంటుంది. అప్పుడు ఇంకెవరో కావలసినవాళ్ళొస్తారు. అప్పుడేం మారుస్తావు?"

రవికి సిగ్గేసింది, భయమేసింది, పూర్ణిమ మొహం చూడ్డానికి ధైర్యం చాలలేదు. బతికిస్తే ఆయన దృష్టిలో మోసగాడు. బతికించకపోతే ఇంటికి తాళం, పెళ్ళికి తాళం. రెండేళ్ళ ఆదివారాలు కళ్ళముందే లోయలోకి పోతున్నాయి.

అదుగో, ఆ సమయానికి నూకరాజు కోడి సంచీతో గేటు తీశాడు. వరండాలో మంచాలు చూసి, రిటైర్మెంటు ఇంకా ఏడాదుండగానే రైల్వేవాళ్ళు ఖాళీ చేయిస్తున్నారేమో అనుకున్నాడు. సంగతి విన్నాక చెప్పులు విడిచి వచ్చి, ఆ కాగితం చూపించండి అన్నాడు. వాగన్ రిపేర్ షాపులో ముప్పై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసిన మనిషి, ఏ కాగితమైనా ముందు సంతకం దగ్గర్నుంచి చదువుతాడు. చదివి, వెనక్కి తిప్పి, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"ఒక్క సంతకమే ఉంది బావగారూ," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ని నేనే కదా అన్నాడు చెన్నకేశవులు గారు.

"అదే అంతన్నాను. మా షాపులో ఇక పనికిరాదని ఒక వాగన్ని కండెమ్ చెయ్యాలంటే ముగ్గురు సూడాల, ముగ్గురూ సంతకం ఎట్టాల. ఆ ముగ్గురిలో వాగను ఉండకూడదు."

చెన్నకేశవులు గారి మొహంలో మొట్టమొదటిసారి ఇబ్బంది కనిపించింది. తన సరుకుని తనే ఇన్‌స్పెక్షన్ చేసుకోకూడదన్నది ఆయన కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్పే మొదటి పాఠం. ఆయన ఎర్ర పెన్ను తీసి, రాసిన 'రిజెక్ట్' మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, కింద 'పెండింగ్' అని రాశాడు. ముగ్గురితో జాయింట్ ఇన్‌స్పెక్షన్ జరిగేదాకా తను పోయినట్టు కాదు, ఉన్నట్టూ కాదు అని ప్రకటించాడు.

ఉన్నట్టు కాదన్న ముక్క అప్పలనరసమ్మకి అక్కర్లేదు, పోయినట్టు కాదన్నది చాలు. గ్యాసు వెలిగించింది. వెలిగించి, పంచాంగం ఇంకోసారి చూసి, గుమ్మంలోంచి తల పెట్టి ఆజ్ఞ వేసింది.

"ఒంటిగంటా యాబై రెండుకి రేవతి ఎలిపోద్ది. అశ్విని వొచ్చీసినాక ఏ దోసమూ నేదు. అప్పుడు సంపుకుంటారో, బతికించుకుంటారో మీ ఇట్టం. అందాకా బోయినాలు సెయ్యండి."

భోజనాలు చేశారు. చెన్నకేశవులు గారు కూర రెండుసార్లు వేయించుకున్నాడు. పెండింగ్‌లో ఉన్న మనిషికి ఆకలి ఎక్కువలా ఉంది. రవి మాత్రం ఒక ముక్క కూడా కొరకలేదు. రెండూ పదికి నూకరాజు, మాలతి, ఉమేష్ బల్ల చుట్టూ కూర్చున్నారు. కూతురు కాబట్టి పూర్ణిమని పక్కన పెట్టారు. నూకరాజుకి ఆట రాదు కానీ ఇన్‌స్పెక్షన్ వచ్చు. లోయ లోతెంత అని మొదటి ప్రశ్న. ఎనభై అడుగులని రవి పుస్తకంలో ముందే రాసుంది. అంత ఎత్తు నుంచి పడితే ఏమవుతుందని రెండో ప్రశ్న. ప్రతి పదడుగులకీ ఒక మామూలు పాచిక చొప్పున ఎనిమిది వెయ్యాలి, మొత్తం మనిషి ప్రాణబలానికి చేరితే చావు అని మాలతి రూలు చదివింది. చెన్నకేశవులు గారి ప్రాణబలం ఇరవై ఆరు.

"మరి ఆ ఎనిమిదీ ఎప్పుడేశారు?" అన్నాడు నూకరాజు.

వెయ్యలేదు. ఎవరికీ గుర్తు రాలేదు. అందరూ రవి వైపు తిరిగారు. వాడు ఒక్క క్షణం ఏదో సాకు వెతికి, వదిలేశాడు.

"మర్చిపోయానంకుల్. మీరు పడగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రూలు నాకు తెలుసు. భయంలో మర్చిపోయాను, తప్పు నాదే."

చెన్నకేశవులు గారు వెయ్యమని చేత్తో సైగ చేశాడు. రవి ఒక్కొక్క పాచికే వేశాడు. రెండు, నాలుగు, ఒకటి, ఆరు, మూడు, రెండు, నాలుగు. ఏడు పాచికలకి ఇరవై రెండు. ఇక ఒక్కటే మిగిలింది. మూడు లోపల పడితే మామగారు బతుకుతారు, నాలుగు దగ్గర్నుంచి పోతారు. ఉమేష్ కళ్ళు మూసుకున్నాడు. రవి ఎనిమిదోది వేశాడు. అది దొర్లి దొర్లి, తియ్యకుండా వదిలేసిన స్టీలు పళ్ళెం వెనక్కి పోయి ఆగింది. అక్కడ ఏం పడిందో రవికి తప్ప ఎవరికీ కనిపించదు.

అయిదు పడింది.

రెండు అంటే చాలు. ఎవరూ అడగరు. ఆయన లేచి దుమ్ము దులుపుకుంటాడు, పూర్ణిమ నవ్వుతుంది, అమ్మ మంచాలు లోపల పెడుతుంది. రవి నాలుక చివరిదాకా వచ్చింది ఆ రెండు. వాడు పూర్ణిమ వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"అయిదు. మొత్తం ఇరవై ఏడు. మీరు పోయారంకుల్."

చెన్నకేశవులు గారు వంగి, పళ్ళెం పక్కకి జరిపి చూశాడు. అయిదే. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ చూశాడు. నిటారుగా కూర్చున్నాడు.

"నా కూతుర్ని అడగడానికి వచ్చిన ఇంట్లో నన్ను చంపావు. ఎవరూ చూడని పాచికతో, ఉన్నది ఉన్నట్టు చెప్పి చంపావు," అన్నాడు. "చెల్లెమ్మగారూ, ముహూర్తం చూడండి."

పూర్ణిమకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, వాళ్ళ నాన్న పోయినందుకు అంత ఆనందించిన కూతురు ఇంకొకతె ఉండదు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. టైము రెండూ ఇరవై ఐదు, నక్షత్రం అశ్విని అని అప్పలనరసమ్మ దగ్గరుండి రాయించింది. మంచాలు లోపలికి వెళ్ళాయి, ఉమేష్ బొమ్మల్ని విప్పి పుల్లలు చీపురులో దోపాడు. నిశ్చితార్థం మాత్రం ఆయన లేచాకే అని అప్పలనరసమ్మ ఖాయం చేసింది. శవాన్ని గాడిద మీద వేసుకుని కొండమీది గుడికి బయల్దేరాలని, దారిలో పూర్ణిమ ఆ మంత్రం నేర్చుకోవాలని రవి కథ తిప్పాడు. ఈసారి అంతా ముందే పుస్తకంలో రాసుకున్నాడు.

అయిదు ఆదివారాలు పట్టింది. శవం మాట్లాడకూడదు కాబట్టి చెన్నకేశవులు గారు ప్రతివారం ఠంచనుగా పదింటికొచ్చి నోరు మెదపకుండా కూర్చునేవాడు, భోజనం చేసి వెళ్ళేవాడు. రవికి ఆయనంటే భయం పోయి ఇష్టం కలిగింది ఆ అయిదు వారాల్లోనే. అయిదో ఆదివారం కొండ మీద పూర్ణిమ మంత్రం చదివి పాచిక వేసింది. పదిహేను కావాలి, పదిహేడు పడింది. చెన్నకేశవులు గారు లేచాడు. ముగ్గురి సంతకాలతో ఫిట్ అని రాసి ఇచ్చారు. మావయ్యగారూ, నీళ్ళు తాగుతారా అన్నాడు రవి. అంకుల్ అనకపోవడం ఎవరూ గమనించనట్టు ఊరుకున్నారు.

ఆ గురువారం నిశ్చితార్థానికి చెన్నకేశవులు గారి భార్య నాంచారమ్మ గారు మొదటిసారి ఆ ఇంటికి వచ్చారు. పట్టుచీర, తలనిండా పూలు, తక్కువ మాటలు. తాంబూలాలు పుచ్చుకోబోతుండగా అప్పలనరసమ్మకి ఒక అనుమానం వచ్చింది. పోయాడని లెక్కలోకెక్కి తిరిగొచ్చిన మనిషికి వెనకటి పెళ్ళి చెల్లదని, పెళ్ళాన్ని మళ్ళీ మనువాడాకే కన్యాదానానికి పీటల మీద కూర్చోవాలని వాళ్ళ పంతులు అంటుండేవాడట. ఆటేలే అని నూకరాజు సర్దబోయాడు. కానీ రూలు అన్నమాట చెన్నకేశవులు గారి చెవిన పడిపోయింది. ఆయన కాసేపు ఆలోచించి, ఉంగరాల పళ్ళెం పక్కకి జరిపి, ముప్పై ఏళ్ళ సంసారం తర్వాత భార్య వైపు తిరిగి, అందరి ముందూ అడిగాడు.

"ఏమంటావు మరి?"

నాంచారమ్మ గారు ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు. తొందరేం లేదన్నట్టు కొంగు సర్దుకున్నారు.

"ఆలోచించుకుని చెప్తాను," అన్నారు.

సరేనని చెప్పడానికి ఆవిడకి పదకొండు రోజులు పట్టింది. శంకర్ నగర్ ఇంట్లో రోజూ ఉప్పుకి వంకపెట్టే ఆయనకి ఆ పదకొండు రోజులూ కూరలో ఉప్పు సరిపోయింది.